సీసాల గూడు

ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఏళ్ళు గడిచిపోయాయి. మింగలేను, కక్కలేను అంటారే, అదే నా సంగతి. తింటున్నాను, నవ్వుతున్నాను, పేరంటాలకి వెళ్తున్నాను. మాట మాత్రం అక్కడే ఉంది. పొద్దున్న లేచి వంటింట్లో దీపం వెలిగించేటప్పుడు ఇంకా గట్టిగా తగులుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాసి చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలంటే వాళ్ళ ముఖం చూడాలి, చూసేంత ధైర్యం నాకు లేదు. ముందు మీకు చెప్పి, నాలుక తిరుగుతుందో లేదో చూసుకుని, తర్వాత చెప్పాల్సిన మనిషికి చెబుతాను. చెబుతానా? ఇన్నేళ్ళూ నోరు విప్పనిదాన్ని ఇప్పుడు విప్పుతానంటే నన్ను నేనే నమ్మలేకపోతున్నాను.

మొన్న లలిత ఫోను చేసింది. మా ఎదురింటి గౌరి కూతురు. నా చేతుల్లో పెరిగిన పిల్ల, నన్ను పెద్దమ్మా అంటుంది. పెళ్ళయి టికిరిలో ఉంటోంది. అక్కడ వాళ్ళాయనకి కిరాణా హోల్‌సేలు. పాత ఇల్లొకటి కొనుక్కున్నారట, దాని వంటిల్లు పగలగొట్టి కొత్తగా చేయించుకుంటున్నారట. మేస్త్రీని ఎలా ఎంచుకోవాలి, ఏ కాగితం చూడాలి, ఏ ప్రశ్న అడగాలి అని నన్నడిగింది. నీ వంటిల్లు ఇన్నేళ్ళయినా చెక్కు చెదరలేదు కదా, నీకంటే ఎవరికి తెలుస్తుంది అంది. తర్వాత నవ్వుతూ ఇంకో మాట అంది.

"అమ్మలాగ అటక మీద బరువులెక్కించనులే పెద్దమ్మా. నాకు బుద్ధుంది."

పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోను పెట్టేశాను. పొయ్యి మీద పాలు లేవు.

మాది ఒడిశా రాయగడలో తెలుగువాళ్ళ వీధి. మా మామగారు పార్వతీపురం వైపు నుంచి వచ్చి చింతపండు, పసుపు టోకు వ్యాపారం పెట్టారు. వీధిలో సగం ఇళ్ళు అలా వచ్చినవే. నేను కోడలిగా అడుగు పెట్టేసరికి మా వంటిల్లు మసిబారి ఉండేది. కట్టెల పొయ్యి, పక్కన ఊక పొయ్యి, పైన పొగ పట్టిన వాసాలు. నేల మీద కూచుని వండాలి, లేవాలి, మళ్ళీ కూచోవాలి. తొంభైల్లో మాకూ గ్యాసు వచ్చింది. ఆ గ్యాసు పొయ్యిని కూడా మా అత్తగారు నేల మీదే పెట్టించింది. నిలబడి వండిన కూడు ఒంటికి పట్టదని ఆవిడ వాదం.

నేను పట్టు పట్టాను. ఎత్తు గట్టు కావాలి, టైల్సు కావాలి, సామాన్లకి సిమెంటు అటక కావాలి. ఇంట్లో చాలా రోజులు అదే రామాయణం. చివరికి మా ఆయన ఊ అన్నారు. మా అత్తగారు కూడా దిగి వచ్చింది, కానీ మా గొడౌనుకి కప్పు వేసిన ఒడియా మేస్త్రీయే చెయ్యాలంది. అతను వచ్చాడు, గోడలు తట్టి చూశాడు, అటక మీద ఏం పెడతారని అడిగాడు, వానలు పోయాక మొదలుపెడతానని చెప్పి వెళ్ళిపోయాడు. వానలు పోయేదాకా ఎవరు కూచుంటారు? నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు సింహాచలం మేస్త్రీ దొరికాడు. శ్రీకాకుళం వైపు మనిషి. మనోడు. మన మాట మాట్లాడతాడు, మన పండగలు చేసుకుంటాడు. మాకు అదే సగం సర్టిఫికెట్టు. మిగతా సగం అతని చొక్కా జేబులో ఉండేది. ఎక్కడో ఫ్యాక్టరీ క్వార్టర్లు కడుతున్నప్పుడు పనిచేశాడట, ఆ గేటు పాసు. ప్లాస్టిక్ తొడుగులో ఫొటో, ఫొటో మీద గుండ్రటి ముద్ర. మనిషిని గేటు దాటనివ్వడానికి ఇచ్చిన కాగితం అది. ఇతనికి ఫలానా పని వచ్చు అని దాని మీద ఎవరూ రాయలేదు. మా ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, ముద్ర ఉందన్నారు. ముద్ర ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

అతని దగ్గర ఎత్తుపల్లాలు చూసే రసమట్టం ఒకటి ఉండేది. గట్టు కట్టాక దాన్ని పైన పెట్టి, గాలిబుడగ సరిగ్గా నడిమికి వచ్చి నిలబడితే, ఇంట్లో ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించేవాడు. నిజం చెప్పాలి, గట్టు పనిలో, టైల్సు పనిలో అతనికి వంక పెట్టలేం. నా గట్టు మీద ఈనాటికీ ఒక్క టైలు కదల్లేదు. కానీ అటక వేరే పని. గోడలోంచి బయటికొచ్చి గాల్లో నిలబడే పలక అది. దాన్లో ఇనప చువ్వలు ఎక్కడుండాలో తెలిసినవాడు వెయ్యాలి. సింహాచలం క్వార్టర్లలో పరిచింది టైల్సే. అటక వెయ్యడం మా ఇంట్లోనే మొదలు. అడిగితే ఆ సంగతి చెప్పేవాడే, మనిషి అబద్ధాలకోరు కాదు. ఎవరడిగారు? టైల్సు తెలుపా, లేత నీలమా అని అతనే నన్నడిగాడు. ఆ ఇంట్లో నన్ను ఏదైనా ఒకటి ఎలా కావాలని అడిగిన మొదటి మనిషి అతనే. నేను పొంగిపోయాను.

మా అత్తగారు గడప మీద కూచుని అంతా చూసి ఒకే మాట అంది. "అటక మీద ఏటెడతావని అడిగినోడు మేస్త్రీ. ఏ రంగని అడిగినోడు కాదు." ఆ మాట నేను వీధిలో అందరికీ చెప్పి నవ్వించాను.

వంటిల్లు తయారైంది. కొత్త వంటిల్లు చూడ్డమంటే మా వీధిలో పేరంటం కింద లెక్క. గుంపులు గుంపులుగా వచ్చారు. సింహాచలం కూడా బేరాలు వచ్చినప్పుడల్లా వాళ్ళని మా ఇంటికి తీసుకొచ్చేవాడు. నేను కాఫీలు పెట్టి, గుడి చూపించే పూజారిలా మూలమూలా చూపించేదాన్ని. బోరిగుమ్మ నుంచి ఒక బట్టల కొట్టువాళ్ళు వచ్చారు. లమ్తపుట్ నుంచి ఒక మాస్టారూ భార్యా వచ్చారు. అందరికీ ఒక్క వంక లేదని చెప్పాను. అతని గేటు పాసు అడగడమే మానేశారు, నా వంటిల్లు చూస్తే చాలు. ఎంత గర్వమో నాకు, మీకు చెప్పలేను.

మొదటి వానాకాలంలో ఆవకాయ జాడీ దింపుదామని స్టూలెక్కాను. జాడీ వెనక, అటక గోడకి కలిసే చోట, తడిగుడ్డతో తుడుస్తుంటే గుడ్డ పట్టుకుంది. లాగితే ఒక పోగు అక్కడే ఉండిపోయింది. వేలితో తడిమాను. గోడ పొడవునా పగులు. గోరు దిగింది. అటక పైభాగాన ఉంది కాబట్టి కింద నించున్నవాళ్ళకి కనిపించదు. కింద నుంచి చూస్తే ఏ అటకైనా బాగానే ఉంటుంది.

మా ఆయనకి చెప్పాలి కదా? చెప్పలేదు. చెబితే అత్తగారి చెవిన పడుతుంది. కుళాయి కారుతోందని సింహాచలానికి కబురు పెట్టాను. అతను స్టూలెక్కి చూసి దిగేసరికి ముఖంలో నెత్తురు లేదు. తెలిసినవాళ్ళని ఎవరినో అడిగి మళ్ళీ వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. ఇలాంటి పలకలో చువ్వలు పైభాగంలో ఉండాలట. తాను కింద పరిచాడట. పగలగొట్టి మళ్ళీ వేస్తాను, కూలి వద్దు అన్నాడు. ఆ మాట అతనన్నాడు, అది దాచను.

వద్దన్నది నేను. పగలగొట్టడమా? వీధంతా చూస్తుండగా? మా అత్తగారు గడప మీద కూచుని చూస్తుండగా? ఎవరికీ తెలియకుండా ఏదైనా చెయ్యమన్నాను. అటక అంచు కింద ఊతగా ఇటుక గోడ లేపవచ్చు కానీ వికారంగా ఉంటుందన్నాడు. దానికి మూడు అరలు పెట్టి, టైల్సు అంటించి, అంచుల్లో నీలం గీత లాగమన్నాను. ఆ తెలివి నాదే. అలా పుట్టింది నా వంటింట్లో సీసాల గూడు. ఉప్పు, కారం, పోపుల సీసాలు వరసగా పెడితే నిజంగానే ముచ్చటగా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు దాన్నే మెచ్చుకునేవారు. ఇదెందుకే అని మా అత్తగారు అడిగితే, అందానికి అన్నాను. ఆవిడ నా ముఖం కేసి చాలాసేపు చూసింది. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు గౌరి గురించి రాయాలి.

గౌరి నాకంటే చిన్నది. ఎదురింటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి అక్కా, అక్కా అని నా వెనకే తిరిగేది. చారు పెట్టడం నా దగ్గరే నేర్చుకుంది, ఒడియాలో కూరల బేరం నా దగ్గరే నేర్చుకుంది. కానీ వడ్డనలో ఆమెకి ఆమే సాటి. ఎవరింట్లో శుభకార్యమైనా కొంగు బిగించి గరిటె పట్టుకుంటే పంక్తి చివరి మనిషి దాకా వేడి తగ్గకుండా వెళ్ళేది, ఎవరికి ఏది ఎంత కావాలో అడక్కుండానే తెలిసేది. గౌరి వస్తే కానీ విస్తట్లో పప్పు వేయించుకోనని భీష్మించే ముసలివాళ్ళుండేవారు.

ఆమెకీ నాలాంటి వంటిల్లు కావాలనిపించింది. సింహాచలాన్నే మాట్లాడుకుంది. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, జానతో గట్టూ గోడా కొలుచుకుంటూ, ఆ గూడు దగ్గర ఆగింది. చంకలో లలిత.

"అక్కా, ఈ గూడు నాకూ కట్టించాలేటి? నా వొంటిల్లు సిన్నది, ఇది కడితే కిటికీకి అడ్డొత్తాది. తప్పకుండా ఉండాలంటే సెప్పు, కట్టించుకుంతాను."

"తప్పకుండా ఏటీ నేదమ్మీ. అందానికి కట్టించేను. సీసాలెట్టుకోడానికి. నీకక్కర్నేదు."

"అయితే మానేత్తాను."

అంతే. ఇదే ఆ మాట. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది ఇదే.

పరువు కోసం భయపడి అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. సింహాచలానికి ఇప్పుడు చువ్వల సంగతి తెలిసింది కదా, గౌరి ఇంట్లో సరిగ్గానే వేస్తాడు కదా అని కూడా చెప్పుకున్నాను. అవన్నీ వట్టివి. మీకైనా నిజం చెబుతాను. నా గుట్టు బయట పడకుండానే ఆమెని కాపాడే మాట ఒకటి నా నాలుక చివర ఉంది. కట్టించుకో, బాగుంటుంది. అంత మాత్రం అంటే చాలు. అబద్ధానికి అబద్ధం నిలిచేది, ఆమె అటకా నిలిచేది. ఆ మాట నాకు తట్టింది. తట్టింది కాబట్టే జవాబివ్వడానికి కొంచెం ఆగాను. మరి ఎందుకనలేదు? ఊరంతా మెచ్చుకునే గూడు నా ఒక్క ఇంట్లోనే ఉండాలని. వడ్డనలో అందరూ గౌరీ గౌరీ అంటారు, ఈ ఒక్కటైనా నాకుండనీ అని. ఊత కోసం కట్టిన గోడ గురించి నేను ఈర్ష్య పడ్డాను, వింటున్నారా? ఇంతకంటే చిన్న బుద్ధి ఎక్కడైనా ఉంటుందా?

గౌరి కొత్త వంటింట్లో పాలు పొంగించింది కూడా నేనే. నీ చేత్తోనే పొంగించాలక్కా అని బతిమాలింది. పొంగించాను. తూర్పు వైపు పొంగాయి, అందరూ శుభమన్నారు.

చింతపండు కొత్త పంట వచ్చే రోజుల్లో గౌరి అటక కూలిపోయింది. అందరూ పెట్టుకున్నట్టే దాని మీద ఆమె కూడా సామాను పెట్టుకుంది. ఇత్తడి గంగాళం, బియ్యం డబ్బాలు, చింతపండు కుండలు. నా అటక మీదా అవే ఉన్నాయి, ఇంకా ఎక్కువే ఉన్నాయి. పట్టపగలు, గొడౌను దగ్గర లారీ బస్తాలు దించుతున్న చప్పుడనుకున్నాను. తర్వాత లలిత ఏడుపు వినిపించింది.

పరిగెత్తాను. గది నిండా దుమ్ము. లలిత గట్టు మూలలో పడి ఏడుస్తోంది, ఒంటి మీద గీత కూడా లేదు. అటక కదలడం చూసి గౌరి పిల్లని తోసేసింది. తోసిన చెయ్యి, కుడి చెయ్యి, పలక కింద ఉండిపోయింది. మగవాళ్ళు వచ్చి పలక ఎత్తారు. నేను లలితని ఎత్తుకుని నించున్నాను. విరిగిన పలక అంచు నా కళ్ళ ముందే ఉంది. చువ్వలు కింది వైపుకి దిగి ఉన్నాయి. ఆ గదిలో అంతమంది ఉన్నారు, దాన్ని చూసి అర్థం చేసుకోగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నేను లలిత తల నిమురుతూ ఊరుకున్నాను.

గౌరిని విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్ళారు, అక్కడి నుంచి విశాఖపట్నం. మర్నాడు సింహాచలం మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. చువ్వలు ఈసారి పైనే కట్టాడట. కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు తొక్కితే దిగిపోయాయట, దిగకుండా చూసుకోవాలని అతనికి తెలియదట. అంతా వెళ్ళి వీధిలో చెప్పేస్తాను, మీ అటక సంగతితో సహా చెప్పేస్తాను, నావల్ల కావడం లేదమ్మా అన్నాడు. నేను అతని మీద జాలి పడినట్టు నటించాను. చెబితే నీ ఎముకలు విరగ్గొడతారు, పిల్లలు గలవాడివి, ఊరు వదిలి వెళ్ళిపో అన్నాను. వెళ్ళిపోయాడు. ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి నోరు కూడా నేనే మూసేశాను. తర్వాత బోరిగుమ్మలో పనులు చేస్తున్నాడని విన్నాను. అక్కడ ఎన్ని అటకలు వేశాడో! నా వంటిల్లు చూసి మెచ్చుకుని వెళ్ళిన ఆ లమ్తపుట్ మాస్టారి ఇంట్లో అటక ఎలా ఉందో! వాన గట్టిగా పడిన రోజు నాకు ఇదే ఆలోచన.

ఇంకా ఉంది. గౌరి భర్త, ఆయన అన్నగారు, వీధిలో పెద్దవాళ్ళు ఒకరిద్దరు మా వంటింట్లోకి వచ్చారు. తప్పు మేస్త్రీదా, కాదా తేల్చుకోవడానికి. అదే మేస్త్రీ, అదే అటక, అలాంటి గంగాళమే, మరి ఇదెందుకు పడలేదని నన్నడిగారు. నేను గూడుకి వీపు ఆనించి నించున్నాను. "మోసినంతే ఎడతాను" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెళ్ళేటప్పుడు ఒకాయన గూడు మీద వేలితో తట్టి, బాగుందమ్మా అన్నాడు. సాయంత్రానికి వీధంతా తేల్చేసింది, గౌరి అత్యాశకి పోయి అటక నింపేసిందని. కట్టుతో ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళత్తగారు ఆమెని లోపలికి రానివ్వకముందే అన్న మాట నా గుమ్మంలోకి వినిపించింది. "పిల్ల పేణం మీదికి తెచ్చేవు కదే."

గౌరి ఆ మాట నమ్మింది. అదే నేను భరించలేకపోతున్నది. తన కడుపున పుట్టిన పిల్లని తానే చంపబోయిందని నమ్మింది, ఈ రోజు దాకా నమ్ముతోంది. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు. గరిటె పట్టలేదు. ఎడమ చేత్తో వడ్డిస్తే ఎవరు తింటారు? శుభకార్యాలకి వస్తుంది, వెనక కూచుని విస్తరాకులు తుడుస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు కనిపిస్తే ఆ చెయ్యి చూపించి, అటక మీద ఎక్కువ పెట్టకండి, నేను పెట్టి ఏమైందో చూడండి అని నవ్వుతుంది. పక్కన నేనుంటాను.

నేనేం చేశాను? ఆమెకి కూరలు తరిగిచ్చాను. కారాలు దంపించాను, పచ్చళ్ళు పెట్టిచ్చాను, లలితకి జడలు వేసి బడికి పంపాను. సొంత అక్క కూడా ఇంత చెయ్యదని వీధిలో అన్నారు. ఆ పొగడ్త కూడా తీసుకున్నాను. మా అత్తగారు పోయే ముందు ఒకసారి నా చెయ్యి పట్టుకుని, ఆ గూడు వైపు చూసి, నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. ఆవిడకి తెలుసేమో. తెలిసి ఎందుకు ఊరుకుంది? నా కాపురం కోసమా? ఆవిడ మౌనానికి కూడా నేనే కారణమా?

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. తర్వాత లలితకి నేనే ఫోను చేశాను.

అడిగింది కదా, చెప్పాను. మనోడని నమ్మకు. కాగితం చూపిస్తే అది ఏ పనికి ఇచ్చిందో, ఎవరిచ్చారో చదివించుకో. టైల్సు బాగా పరిచేవాడికి అటక వెయ్యడం రావాలని లేదు, ఆ పని ఎక్కడ ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగు. ఏ రంగు కావాలని అడిగితే సంబరపడకు, పైన ఏం పెడతారని అడుగుతాడేమో చూడు. కాంక్రీటు పోసేటప్పుడు పక్కనే నించో, చువ్వలు పైన ఉన్నాయో దిగిపోయాయో నీ కళ్ళతో చూసుకో. అతను చేసిన ఇల్లు చూడ్డానికి వెళ్తే, నాలుగు వానలు తిన్న ఇల్లు చూడు. కింద నించుని చూడకు, స్టూలెక్కి అటక మీద సామాను జరిపి చూడు. ఆ ఇంటి ఇల్లాలిని అత్తగారి ఎదుట అడగకు, మొగుడి ఎదుట అడగకు, ఒంటరిగా అడుగు. అప్పుడు కూడా ఆవిడ కళ్ళలోకి చూసి అడుగు.

లలిత అంతా విని, ఇవన్నీ నీకెలా తెలుసు పెద్దమ్మా అంది. జవాబు కోసం ఆగలేదు. అమ్మనీ నిన్నూ బండి పెట్టి తీసుకెళ్తాను, కొత్త వంటింట్లో నీ చేత్తోనే పాలు పొంగించాలి అంది.

ఫోను పెట్టి స్టూలు వేసుకున్నాను. గంగాళం, జాడీలు, డబ్బాలు, అన్నీ దింపి నేల మీద పెట్టాను. అటక ఖాళీ అయింది. పగులు బారుగా కనిపిస్తోంది, దాన్లో మసి, జిడ్డు, ఎప్పటి పోగో ఒకటి. కిటికీలోంచి గౌరిని పిలిచాను.

వచ్చింది. ఏటక్కా ఇల్లు పీకి పందిరేశావు అని నవ్వింది. స్టూలెక్కమన్నాను. ఎందుకని అడగలేదు, నేను చెబితే ఎప్పుడూ అడగదు. గోడ దగ్గర చెయ్యి పెట్టమన్నాను. ముడుచుకోని ఆ వేలు పగుల్లోకి వెళ్ళింది.

"ఆ గూడు అందానికి కాదు గౌరీ. ఊతకి" అన్నాను.

మిగతాది కూడా చెప్పాను. సింహాచలం పెరటి గుమ్మంలోకి వచ్చిన సంగతి చెప్పాను. ఎందుకు కట్టించుకోమనలేదో కూడా చెప్పాను, అది చెప్పేటప్పుడు నేల కేసి చూశాను. గౌరి స్టూలు మీదే నించుని ఉంది. తిడుతుందని చూశాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఒకటే అడిగింది.

"అయితే నేనెక్కువెట్టనేదా అక్కా?"

"నేదమ్మీ."

దిగడానికి చెయ్యి అందించాను. పట్టుకోలేదు. గోడ పట్టుకుని తనే దిగింది, నేల మీద సామాను మధ్యలోంచి దారి చూసుకుంటూ వెళ్ళిపోయింది. కాసేపటికి ఎదురింటి కిటికీలోంచి ఆమె గొంతు వినిపించింది. కూతురితో ఫోనులో మాట్లాడుతోంది. "నేనెక్కువెట్టనేదంట లలితా. నేనెక్కువెట్టనేదంట." ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెబుతోంది. నా పేరు ఎత్తలేదు. తర్వాత కిటికీ మూసేసింది.

ఆ కిటికీ ఇంకా తెరుచుకోలేదు. లలిత ఫోను చెయ్యలేదు. టికిరి నుంచి బండి వస్తుందని నేను ఎదురు చూడటం లేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. మా ఆయన వచ్చి సామానంతా నేల మీద ఉందేమని అడిగితే, అటక పగిలింది, ఎప్పుడో పగిలింది అన్నాను. ఈ ఇంటి మనిషితో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆయన ఏదో అడుగుతున్నారు. ఒక్కొక్కటే చెబుతున్నాను.

ఇవాళ ఆ సామాను పక్కనే కంచం పెట్టుకుని కూచున్నాను. గొంతులో ఏదీ అడ్డు పడలేదు. అన్నం దిగింది. దిగినందుకు సిగ్గేసింది. అయినా తిన్నాను.